మొదటి వరుసలో శ్రీకాంత్

పబ్లిష్ బటన్ ఇంకా బూడిదరంగులోనే ఉంది. శాంపిల్ పేర్లన్నీ తీసేసేదాకా అది నీలం కాదు, తీసేయాల్సింది నేనే, పెట్టిందీ నేనే. ఐదు దాటాక కాలేజీ ప్రిన్సిపాల్ గారు వచ్చి పోర్టల్ ప్రారంభిస్తారని అమర్నాథ్ సార్ మధ్యాహ్నమే పూలగుత్తి తెప్పించి నీళ్ళ క్యాను పక్కన పెట్టారు, మార్చి ఎండకి అది అప్పుడే తల వాల్చింది. కింద ఎరువుల కొట్టు, ఆ వాసన మెట్ల మీదుగా పైకొచ్చి ఏసీ గాలిలో కలిసి తిరుగుతూ ఉంటుంది, కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం పొలంలో ఉన్నట్టే ఉంటుంది. తెర మీద పట్టిక, పట్టికలో మొదటి వరుస. శ్రీకాంత్, తండ్రి బాలకోటయ్య, తల్లి పోలమ్మ, ఊరు నకరికల్లు, బీకాం రెండో సంవత్సరం, ఈరోజు హాజరు. వరుస చివర చిన్న చెత్తబుట్ట బొమ్మ. మిగతా పేర్లన్నీ ఒక్కొక్కటే తీసేశాను. ఈ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మౌస్ మీద ఉండిపోయింది, నొక్కడమూ లేదు, తీయడమూ లేదు.

శ్రీకాంత్ నా తమ్ముడు. మూడేళ్ళ కిందట ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా పొద్దున్నే కాలేజీకని బయల్దేరి, దారిలో స్నేహితులతో పాత క్వారీ గుంటలో ఈతకు దిగి పైకి రాలేదు. ఈ మాట ఎవరికి చెప్పినా ఒకే గుక్కలో చెబుతాను, మధ్యలో ఆగితే వాడు ఇంకా నీళ్ళలోనే ఉన్నట్టుంటుంది. ఇంటర్ దాటనివాడు ఇక్కడ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. నేను కావాలని చదివించలేదు. కాదు, కావాలనే చదివించాను, మొదట్లో కాదు గాని తర్వాత.

మా ఆఫీసులో ఒక నియమం ఉంది. శాంపిల్ కోసం పెట్టే పేరు పేరులా ఉండాలి. నేను చేరకముందు ఎప్పుడో ఒక రైసు మిల్లాయనకు పోర్టల్ చూపిస్తుంటే స్వాగతం టెస్ట్ టెస్ట్ గారూ అని వచ్చిందట, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని ఎవరండీ ఈ టెస్ట్ గారు, మీ బావమరిదా అన్నాడట, అప్పటినుంచి అమర్నాథ్ సార్ అలాంటి పేర్లు కనిపిస్తే ఊరుకోరు. ఊరు, తల్లీతండ్రీ, ఫోను నంబరు అన్నీ నిజం మనిషివిలా నింపాలంటారు. అలా నింపాలంటే ఎవరికైనా ముందు ఇంటివాళ్ళే గుర్తొస్తారు. నా పక్క సీటు అబిదా వాళ్ళ మామయ్య అబ్దుల్ జబ్బార్ని బీఎస్సీలో చేర్చి మూడు సబ్జెక్టులు తప్పించింది. ‘మా అమ్మకి చెప్పానే, ఇన్నాళ్ళకి వాడికి తగిన శాస్తి జరిగిందని సేమ్యా చేసింది’ అని నవ్వింది. నేను ఆ రోజు ఖాళీ గడి ముందు కూర్చుని, విద్యార్థి పేరు అన్నచోట ఆలోచించకుండానే వాడి పేరు కొట్టాను. వేళ్ళు కొట్టేశాయి. కొట్టాక చూసుకుంటే మొదటి వరుస. మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో మొదటి వరుసకు ఒక విశేషం ఉంది, ఏ కొత్త పేజీ మొదలుపెట్టినా ప్రివ్యూలో ముందుగా కనిపించేది ఆ మనిషే.

మేం కోడు పెద్దగా రాయం. తెరకు ఎడమవైపు బ్లాకులుంటాయి, తలకట్టు బ్లాకు, పట్టిక బ్లాకు, ఫొటో బ్లాకు, మెసేజి బ్లాకు, వాటిని లాక్కొచ్చి పేజీలో పెట్టి, ఏది దేనికి కలవాలో కలపాలి. కలిపేదాకా బ్లాకు తెల్లగా ఖాళీగా ఉంటుంది, కలపగానే అందులోకి పేరూ ఊరూ వచ్చి కూర్చుంటాయి. ఇది ఉద్యోగమా అని ఊళ్ళో చాలామందికి అనుమానం. ‘బాలకోటయ్యా, మీ దుర్గ హైదరాబాదు పోకుండా పేటలోనే ఏం జేస్తదంట’ అంటే నాన్న ‘బండలు పరుస్తది’ అనేవాడు. నాన్నది నాపరాళ్ళు పరిచే పని. ఒకసారి ఆఫీసుకొచ్చి నా వెనక నిలబడి కాసేపు చూసి, ‘ఇంతేగదంటే, కోసిన బండలు తెచ్చుకుంటన్నావు, ఏసుకుంటన్నావు, సందులు సరిజూసుకుంటన్నావు’ అన్నాడు. నాకు ఈ పని ఎవరూ అంత బాగా చెప్పలేదు. బండ ఒకటే, అది ఎవరింట్లో వేస్తే ఆ ఇంటి గచ్చు అవుతుంది. వాడు పోయాక నాన్న క్వారీ వైపు బండలకు వెళ్ళడం మానేశాడు, ఎవరన్నా తెచ్చిపెట్టిన రాళ్ళే పరుస్తాడు. అందరూ నడుం నొప్పి అనుకుంటారు.

అలా బ్లాకు కలిపిన ప్రతిసారీ వాడు వచ్చాడు. లాగిన్ పేజీ పూర్తయితే స్వాగతం శ్రీకాంత్ గారూ అంది, వాణ్ణి గారూ అన్నది ఆ పేజీ ఒక్కటే. ఫీజు పేజీలో కట్టేశాడు. గ్రంథాలయం పేజీలో రెండు పుస్తకాలు తీసుకుని గడువులోగా ఇచ్చేశాడు, ఇంట్లో పలకబలపం కూడా పోగొట్టుకునేవాడు. పై తరగతికి పంపే మాడ్యూల్ పరీక్షించడానికి ఒక పిల్లవాడు కావాలి, వాణ్ణే పంపాను, ఇంటర్ రెండో ఏడు, తర్వాత డిగ్రీ. మార్కుల పేజీ చేసినప్పుడు ఎంత వెయ్యాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. మరీ ఎక్కువేస్తే వాడే నవ్వుతాడు. లెక్కల్లో నలభై రెండు వేశాను, తెలుగులో డెబ్బై, వాడికి పద్యాలు నోటికొచ్చేవి, అర్థాలు రావు. ఫొటో బ్లాకులో మాత్రం ఏమీ పెట్టలేదు, అక్కడ మనిషి ఆకారంలో బూడిదరంగు బొమ్మ అలాగే ఉంచాను, దానికి ముఖం లేదు, భుజాలు మాత్రం వాడివే అనిపించేవి. హాజరు పేజీలో ఏ రోజూ వాణ్ణి మానిపించలేదు. ఒకసారి అమర్నాథ్ సార్ వెనకనుంచి చూసి ‘ఏమ్మా దుర్గా, ఈ శ్రీకాంత్ ఒక్క రోజన్నా సెలవు పెట్టడా, మన స్టాఫులో ఇలాంటివాడు ఉంటే బాగుండు’ అన్నారు. ఆయనకు తెలియదు. అబిదాకు తెలుసు, అప్పుడు ఏదో కిందపడ్డట్టు వంగి వెతికింది.

గైర్హాజరు పరీక్షకు వేరే పేరు వాడుకున్నాం, రాజేష్ అని అబిదా పుట్టించిన పిల్లవాడు, ఊరు బెల్లంకొండ. వాడెవడో, పాపం, నెలల తరబడి ఒక్క రోజూ కాలేజీకి రాలేదు.

తల్లిదండ్రులకు ఫోను వెళ్ళే బ్లాకు ఈ పోర్టల్‌కు ప్రాణం. పిల్లవాడు మొదటి గంటలో లేకపోతే వెంటనే ఇంటికి ఫోను, చదువురానివాళ్ళూ ఉంటారు కాబట్టి మెసేజి కాదు, గొంతు. ఆ బ్లాకు నాకు కావాలని నేనే అడిగి తీసుకున్నాను. మిగతావాళ్ళు రంగురంగుల పట్టికలు చేస్తామన్నారు. శ్రీకాంత్ చదివిన కాలేజీ ఇది కాదు, అక్కడ హాజరు పట్టీ సాయంత్రం ఆఫీసుకెళ్ళేది, ఎవరు రాలేదో ఎవరికైనా చూడాలనిపిస్తే మర్నాడు చూసేవాళ్ళు. ప్రారంభమయ్యాక మెషిన్ గొంతు మాట్లాడుతుంది గాని పరీక్షలకు ఎవరిదో ఒకరి గొంతు కావాలన్నారు. అబిదా గొంతు బాగుంటుంది, కాని మైకు పెట్టగానే నవ్వు ఆపుకోలేదు. నేను స్టోర్ గదిలో పాత కుర్చీల మధ్య నిలబడి చెప్పాను. నమస్కారం, ఒక ముక్క. మీ అబ్బాయి, ఒక ముక్క. పేరు, ఒక ముక్క. ఈ రోజు కళాశాలకు హాజరయ్యారు, ఒక ముక్క. బ్లాకు వాటిని అతికించి ఒకే మాటలా పలుకుతుంది. ఇంట్లో వాణ్ణి చంటీ అనేవాళ్ళం, శ్రీకాంత్ అని పూర్తిగా నా నోటితో పిలిచినట్టు పలికింది ఆ గదిలోనే. ఫోను నంబరు అడిగినచోట వాడి నంబరే ఇచ్చాను, నాది కాక నాకు నోటికొచ్చిన నంబరు అదొక్కటే. కాలేజీలో ఫోన్లు తేవద్దంటారని ఆ రోజు వాడు బటన్ల ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు. రీఛార్జి లేక ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయి ఉంటుందనుకున్నాను. రోజూ సాయంత్రం ఐదింటికి ఒక పరీక్ష కాల్ దానంతట అదే వెళ్ళేట్టు షెడ్యూలరులో పెట్టాను, ఆదివారం తప్ప. ఎవరూ ఎత్తరనుకున్నాను. ఎవరూ లేని చోట మోగుతుందనుకున్నాను, అది కూడా నాకు బాగానే ఉండేది, వాడి నంబరు ఎక్కడో మోగుతోంది అనుకుంటే.

నిన్న బ్యాంకులో అమ్మ వేలిముద్ర పని ఉండి సెలవు పెట్టి ఊరెళ్ళాను. మామూలుగా వారమంతా పేటలో హాస్టల్లో ఉంటాను, ఇంటికి వెళ్ళేది ఆదివారాలే. బ్యాంకు పని మధ్యాహ్నానికే అయిపోయింది, అమ్మ వచ్చి వరండాలో మిరపకాయల తొడిమలు తీయడానికి కూర్చుంది, పక్కింటి అంకమ్మ పిన్నీ వాళ్ళూ ఇద్దరుముగ్గురు, ఘాటుకి తుమ్ముతూ ఒకరినొకరు తిట్టుకుంటూ. ఐదు కావస్తుండగా అమ్మ లేచింది. చేతులు సబ్బుతో కడిగింది, మళ్ళీ కడిగింది, కొంగుకు తుడుచుకుని లోపలికెళ్ళి బియ్యం డబ్బా పక్కనుంచి ఆ బటన్ల ఫోను తెచ్చి గడప మీద కూర్చుంది. తొడిమలు తీసేవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. వాళ్ళకు అలవాటైన సంగతని నాకు అప్పుడే అర్థమైంది, తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. నేను తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. ఫోను మోగింది. అమ్మ చెవికి పెట్టుకుంది. మాటలు నాకు వినపడలేదు, పలికిన తీరు వినపడింది, ఎక్కడ ఆగి ఎక్కడ ఎత్తుకుంటుందో ఆ తీరు, అది నాది. అమ్మ కళ్ళు రోడ్డు వైపున్నాయి, ఆ వేళకు పేట నుంచి బస్సు వస్తుంది. విని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, దాన్ని కొంగుతో ఒకసారి తుడిచి లోపల పెట్టి వచ్చింది. నన్ను చూసి ‘టీ పెట్టనా’ అంది. పెట్టమన్నాను. అంకమ్మ పిన్ని మాత్రం తల ఎత్తకుండా, ‘నెలనెలా ఇమాం సాహెబు కొట్టుకాడికి పోయి ఆ ఫోన్లో బ్యాలెన్సు ఏయించుకొచ్చుద్దే మీ అమ్మ, ఎండయినా వానయినా’ అంది. అమ్మ ‘నీ కాయలు నువ్వు చూసుకో’ అంది.

ఈ పొద్దున బస్సెక్కేటప్పుడు అమ్మ టిఫిను బాక్సు చేతిలో పెడుతూ, నా ముఖం చూడకుండా, ‘అంత పనిలో ఉండి గూడా రోజూ మర్చిపోకుండా జేస్తన్నావు’ అంది. అంతే. బస్సు కదిలింది. అమ్మకు షెడ్యూలరు తెలియదు. రోజూ ఐదింటికి నేను పని ఆపి, ఫోను తీసి, ఆమెకు వాడి సంగతి చెబుతున్నాననుకుంటోంది. ఎందుకు చెబుతున్నానో, ఎందుకలా చెబుతున్నానో అడిగితే ఆపేస్తానని అడగలేదేమో. నకరికల్లు నుంచి పేట దాకా కిటికీ పక్కన కూర్చుని, నేను చేయని పనికి ఆమె చూపించిన ఆ ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టిఫిను బాక్సు వేడిగా ఒళ్ళో ఉంది. నేను చేసి ఉండాల్సిందే కదా అనిపించింది, ఏ సాయంత్రమైనా, నా గొంతుతో నేనే.

ఆ రోజు గురించి మేం ముగ్గురం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. వాడు ఎలా పోయాడో ఊరంతా చెప్పుకుంది, మేం మాట్లాడుకోనిది మధ్యాహ్నం గురించి. వాడు గుంటలో దిగింది పొద్దునే, పదింటికి ముందేనని వాళ్ళతో దిగిన పిల్లలు తర్వాత చెప్పారు, భయపడి ఎవరికి వాళ్ళు ఇళ్ళకు పోయి గమ్మున ఉన్నారట. సాయంత్రం బస్సు వచ్చి వాడు దిగనిదాకా మాకు తెలియదు. ఆ మధ్యలో అమ్మ మిరపతోటలో ఉంది. అప్పుడు డిగ్రీ సెలవులని నేనూ కూలికెళ్ళాను, పక్క సాలులో ఉన్నాను. అమ్మ అన్నం తింది, వాడికి కట్టిన కూరే, బీరకాయ పెసరపప్పు, వాడు సగం పారబోసి ఉంటాడని అంది. తర్వాత ఎవరో మేస్త్రీ నడకను అనుకరించి చూపిస్తే అమ్మ నవ్వింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా, కాయలబుట్ట పట్టుకుని వంగి నవ్వింది. అమ్మ అలా నవ్వడం నేను అరుదుగా చూశాను, అందుకే గుర్తుంది. అమ్మకూ గుర్తుంది. గుర్తుందని నాకెలా తెలుసంటే, ఆ తర్వాత ఆమె మధ్యాహ్నం నవ్వదు. పొద్దున ఎవరన్నా ఏదన్నా అంటే నవ్వుతుంది, సాయంత్రం నవ్వుతుంది, ఆ వేళ మాత్రం ఎంత హాస్యమాడినా బుట్టలోకి చూస్తూ ఉంటుంది. తెలియకపోవడం తప్పు కాదని ఎవరైనా చెప్పవచ్చు. నేనూ చెప్పవచ్చు. చెబితే ఆ నవ్వు నేను చూశానని ఆమెకు తెలిసిపోతుంది.

‘దుర్గా, క్లీన్ అయిందా? ప్రిన్సిపాల్ గారు బయల్దేరారంట.’ అమర్నాథ్ సార్ గుమ్మంలోంచే అడిగారు. ఒక్క వరుస ఉంది సార్ అన్నాను. ‘ఒక్కటే కదా, కానిచ్చెయ్’ అని పూలగుత్తి మీద నీళ్ళు చిలకరించి వెళ్ళారు. ఒక్కటే. నొక్కితే సాయంత్రం ఐదింటికి ఏమీ మోగదు. అమ్మ చేతులు కడుక్కుంటుంది, రెండోసారి కడుక్కుంటుంది, గడప మీద కూర్చుంటుంది, తొడిమలు తీసేవాళ్ళు మాటలు ఆపుతారు. బస్సు వచ్చి పోతుంది. చీకటిపడేదాకా అలా కూర్చోవడం ఆమెకు కొత్త కాదు, ఒకసారి కూర్చుంది. ఇంకోసారి నా చేతులతో కూర్చోబెట్టలేను. తీసేయకుండా దాచడానికీ లేదు, నిజం పిల్లల పేర్లు రేపు ఇదే పట్టికలోకి వస్తాయి, ఎవరో తల్లి ఫోనెత్తితే అందులో మా తమ్ముడు ఉండకూడదు. లేచి మెట్ల మీదికి వెళ్ళి అమ్మకు ఫోను చేశాను, ఆమె టచ్ ఫోనుకు.

‘ఏందే, ఈ యేళప్పుడు?’

‘ఏం జేస్తన్నావు?’

‘ఏం జేస్తా, కాయలు. అంకమ్మ నా కుప్పలోయి తన కుప్పలో ఏసుకుంటంది, కాపలా కాస్తన్నా.’ వెనక అంకమ్మ పిన్ని ఏదో అంది. తర్వాత అమ్మ గొంతు తగ్గింది, లేచి పక్కకొచ్చినట్టుంది. ‘ఏంది, చెప్పు.’

‘అమ్మా, ఆ ఫోను రేపటి నుంచి రాదు.’

మెట్ల కింద ఎరువుల బస్తా లారీలోకి విసిరిన చప్పుడు.

‘ఉద్దోగం తీసేశారా ఏంది?’

‘లేదులే. ఇయ్యాల్టితో ఆ పని అయిపోయింది. ఇంక నిజంగా చదివే పిల్లల ఇళ్ళకి పోద్ది. పిల్లోడు రాకపోతే పొద్దున్నే ఆళ్ళ అమ్మకి తెలిసిపోద్ది.’

‘పొద్దున్నేనా?’

‘మొదటి గంటకే.’

‘మంచిది’ అంది అమ్మ. ‘చానా మంచిది.’ ఆ మాట రెండోసారి ఎవరికో చెప్పినట్టు చెప్పింది. షెడ్యూలరు సంగతి నా నోటిదాకా వచ్చింది, నేను కాదమ్మా రోజూ చేసింది అని, వచ్చి ఆగిపోయింది, ఆమె పొద్దున చూపించింది తిరిగి ఇచ్చేయడానికి మనసు రాలేదు. అది నాకు కావాలి. అమ్మ అంది, ‘ఆపే ముందు ఒక పని జెయ్యి.’

‘ఏంది?’

‘రోజూ వచ్చాడు వచ్చాడనే చెబుతన్నావు. నేనూ ఇంటన్నా. ఒక్కసారి రాలేదని చెప్పు.’

‘అమ్మా.’

‘ఆ రోజు ఎవురూ చెప్పలా నాకు. అందరికీ తెలిసినాక తెలిసింది. నువ్వన్నా చెప్పు.’ తర్వాత, మామూలు గొంతుతో, ‘ఐదింటికి నువ్వు గూడా లైన్లో ఉండు, ఒక్కదాన్నే ఇనలేను’ అని పెట్టేసింది.

గదిలోకి వచ్చి కూర్చుని హాజరు కాకపోతే అన్న కొమ్మ తెరిచాను. మా పనిలో ప్రతి షరతుకూ రెండు కొమ్మలుంటాయి, అవునైతే ఇటు, కాకపోతే అటు, రెండిట్లోనూ ఏదో ఒకటి పెట్టకపోతే పేజీ ఒప్పుకోదు. శ్రీకాంత్‌కు ఒక కొమ్మే పెట్టి రెండోదానికి రాజేష్ ముక్కను అడ్డం పెట్టి పేజీని మోసం చేస్తూ వచ్చాను. వాడి పేరు ముక్కను రాజేష్ కాల్‌లోని రాలేదు అన్న ముక్కతో అతికించవచ్చు, కొత్తగా చెప్పక్కర్లేదు. కాని అతికించిన గొంతుతో అమ్మకు చెప్పబుద్ధి కాలేదు. అబిదాను మైకు అడిగాను. అడిగిన తీరు చూసి వెంటనే ఇచ్చి, ‘ఎంతసేపు?’ అంది. ఐదు దాటేదాకా ఆ వరుస ఉంచాలి అన్నాను. ‘సార్ సంగతి నేను చూసుకుంటాలే. రిబ్బను కట్టే మేకు ఊడిపోయిందని చెబుతా.’ ‘మేకు ఊడిందా?’ ‘ఊడదీస్తా’ అని చున్నీ సర్దుకుని లేచింది.

స్టోర్ గదిలో పాత కుర్చీల మధ్య నిలబడ్డాను. రికార్డింగు ఎర్రగీత కదులుతోంది, నేను ఊపిరి తీసుకున్నా అది ఎగిరిపడుతోంది. రెండుసార్లు పాడుచేశాను, ఒకసారి మధ్యలో కుర్చీ కిర్రుమంది, ఒకసారి హాజరయ్యారు అనే అలవాటుగా వచ్చేసింది. ఎవరైనా ఆ రోజు చెప్పవలసి ఉంటే ఎలా చెప్పేవాళ్ళు, ఆఫీసులో ఒక మేడమ్, పట్టీలో వేలు పెట్టి, అరవై పేర్లలో ఒక పేరుగా, టీ చల్లారిపోతోందని తొందరగా. ఆమెకు వాడెవడో తెలిసి ఉండదు. తెలియనట్టే చెప్పాలి. మూడోసారి అలాగే చెప్పాను, నమస్కారం, మీ అబ్బాయి శ్రీకాంత్ ఈ రోజు కళాశాలకు రాలేదు. చెప్పాక కుర్చీ చెయ్యి పట్టుకుని ఉన్నాను. మూడేళ్ళుగా వాడు ఎక్కడికో వెళుతూ వస్తూ ఉన్నట్టే ఉంది, పేజీలు మారుతూ, తరగతులు మారుతూ. రాలేదు అన్న మాట వాడి గురించి నేనూ ఎప్పుడూ అనలేదు, పోయాడు అన్నాను గాని.

సీటుకొచ్చి హాజరు గడిలో గుర్తు తీసేశాను. ఆకుపచ్చ చుక్క ఎర్రగా మారింది. బయట అమర్నాథ్ సార్, అబిదా మేకు గురించి వాదించుకుంటున్నారు, ఎవరో స్టూలు లాగుతున్నారు. ఐదుకు నిమిషం ముందు అమ్మ టచ్ ఫోనుకు చేసి చెవికి పెట్టుకున్నాను. ఎత్తింది. అవతల తొడిమలు తీసేవాళ్ళ మాటలు లేవు, ఎక్కడో దూడ అరుపు, అమ్మ ఊపిరి. అలా ఇద్దరం లైన్లో కూర్చున్నాం. ఏదన్నా చెప్పుకోవలసినవి ఆ మూడేళ్ళలో చాలా ఉన్నాయి, ఒక్కటీ గుర్తు రాలేదు. అప్పుడు ఫోనులో ఇంకో ఫోను మోగింది, చాలా దూరంగా, వాడు పెట్టుకున్న పాత రింగు. రెండుసార్లు మోగనిచ్చి అమ్మ ఎత్తింది.

నా గొంతు సన్నగా, ఎవరిదో ఆడమనిషి గొంతులా వినిపించింది. రాలేదు అన్నచోట ఆగింది. ఆ తర్వాత ఏమీ లేదు, కాల్ తెగిపోయిందని నాకు తెలుసు, తెర మీద వరుస పక్కన పూర్తయింది అని గుర్తు కూడా వచ్చింది. అమ్మ ఆ ఫోను చెవి నుంచి తీయలేదు.

‘రాలేదా అమ్మా?’ అంది. చదువుకున్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు పెట్టుకునే గొంతుతో, కొంచెం గట్టిగా. ‘ఇంటికాడ పొద్దున్నే బయల్దేరాడే. కూర గూడా కట్టిచ్చా. నీలం గళ్ళ చొక్కా తొడుక్కున్నాడు, మోచేతి కాడ కుట్టేసి ఉంటది. అక్కడే ఎక్కడన్నా ఉంటాడేమో కాస్త చూడండమ్మా. నేను చేలో ఉన్నా. పని ఆపేసి ఇప్పుడే వస్తన్నా.’